ఎక్స్‌పీ మీద బతుకుతున్న తెలుగు

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు కొన్ని డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ ఒక మూలన పెంటియం 4 కంప్యూటర్ నడుస్తుంటుంది. పక్కనే కొత్తది కూడా ఉంటుంది. ఆన్‌లైన్ అప్లికేషన్లు, ఆధార్ ప్రింట్లు, ఫోటోల పని దాని మీద. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, ఎప్పుడైనా వచ్చే కవితా సంపుటి మాత్రం ఆ మూలనున్న దాని మీదే. చూసినవాళ్లు ఇది పిసినారితనం అనో, కొత్తది నేర్చుకోలేకపోవడం అనో అనుకుంటారు. నాకు రెండూ కాదనిపిస్తుంది. ఆ మిషన్ పోతే అందులో ఉన్న తెలుగు పోతుంది. అసలు చిక్కు అక్కడుంది.

పేజ్‌మేకర్‌ని ఆల్డస్ అనే కంపెనీ 1985లో మెకింతోష్ కోసం తెచ్చింది. 1994లో ఆల్డస్‌ను అడోబీ కొనేసింది. 2001లో 7.0 వచ్చింది, అదే ఆఖరిది. విండోస్ ఎక్స్‌పీ వచ్చిందీ ఆ ఏడాదే. ఈ రెంటికీ అను ఫాంట్లు తోడైతే మన జిల్లా ప్రెస్సుకి కావలసిన సరంజామా పూర్తయింది. మూడేళ్లకే అడోబీ పేజ్‌మేకర్‌ను వదిలేసింది. ఎక్స్‌పీని మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న వదిలేసింది. ఇంకో రెండు నెలలైనా గడవకముందే తెలంగాణ వచ్చింది. 2016 అక్టోబర్‌లో పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు చెరి నాలుగు ముక్కలయ్యాయి. జగిత్యాల, పెద్దపల్లి, నిర్మల్, మంచిర్యాల పేర్లతో లెటర్‌హెడ్లన్నీ మార్చాల్సి వచ్చింది. కంపెనీలు చేతులెత్తేసిన ఆ కంప్యూటర్లలో కొన్ని ఆ పని కూడా చేసిపెట్టాయి.

మరి వేరేదానికి ఎందుకు మారలేదు? ఇక్కడ కొంచెం లోపలికి వెళ్లాలి. పాత పద్ధతి ఫాంటులో ఉండేవి 256 గళ్లు. తెలుగు గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపితే వాటిలో పట్టవు. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు వేరు, గుడి వేరు, కొమ్ము వేరు, ఒత్తు వేరు. ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో ఈ ముక్కల్ని కూర్చోబెట్టారు. తెర మీద ‘కరీంనగర్’ అని కనిపిస్తున్నా కంప్యూటర్ దృష్టిలో అది ఏవో లాటిన్ గుర్తుల వరస. ఫాంటు తీసేస్తే ఆ పిచ్చిగీతలే మిగులుతాయి. అందులో ‘కరీంనగర్’ అని మామూలుగా కొట్టి వెతికితే దొరకదు.

ఇది తెలివితక్కువ పని అని మా రంగంలో నవ్వుతుంటారు. నేనొప్పుకోను. సీసపు అక్షరాలు పేర్చిన కంపోజిటరు చేసిందీ అదే కదా. కేసులోంచి ముక్క తీసి ముక్క పక్కన పెట్టడం. అను ఫాంటు ఆ కేసుని కీబోర్డులోకి దించింది. అందులో అక్షరం అంటే ఆకారమే. అక్షరానికి ఆకారంతో పని లేకుండా ఒక సంఖ్య ఇవ్వడమన్నది యూనికోడ్ ఆలోచన. అందులో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. ఎక్స్‌పీలో గౌతమి అనే యూనికోడ్ ఫాంటు కూడా ఉంది. కానీ పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలియదు. కంప్యూటర్‌కి వచ్చిన తెలుగు ప్రెస్సుకి రాలేదన్నమాట.

నేను పాత పెంటియం కొన్నది ఒక పుస్తకం కోసం. 2004లో మా వైపు పల్లెపాటలు సేకరించి ఒక మాస్టారు సొంత ఖర్చుతో 500 కాపీలు వేయించుకున్నారు. ఇప్పుడు ఇంట్లో మిగిలింది ఒక్క కాపీ, ఒక సీడీ. సీడీలో పేజ్‌మేకర్ ఫైళ్లున్నాయి. ఇన్‌డిజైన్ సీఎస్6 దాకా ఆ ఫైళ్లను తెరిచేది, తర్వాత వచ్చినవి తెరవవు.

ఇలాంటి మిషన్ కొనేటప్పుడు స్పీడు చూడక్కర్లేదు. మూత తీయించి మదర్‌బోర్డు మీది కెపాసిటర్లు చూడాలి. 2000 తర్వాత కొన్నేళ్లు మార్కెట్లోకి వచ్చిన బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు చాలా ఉండేవి. పైభాగం ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా మార్చాల్సిందే. టంకం పెట్టడం వచ్చినవాళ్లకి పెద్ద పనేం కాదు. తారీఖు ప్రతిసారీ వెనక్కి పోతుంటే సీఆర్2032 బ్యాటరీ అయిపోయిందని అర్థం. ఆన్ చేయగానే బీప్‌లు కొడితే ర్యామ్ తీసి, దాని బంగారు పళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టాలి. ఈ వైద్యం ఏ మాన్యువల్‌లో ఉందో గానీ ప్రతి మెకానిక్‌కీ తెలుసు. అన్నిటికన్నా ముందు చేయాల్సింది హార్డ్ డిస్క్ మొత్తానికి నకలు తీయడం. అది తిరిగి తిరిగి అరిగిపోయే వస్తువు.

నాకు మిషన్ అమ్మిన ఆపరేటర్ దగ్గర అలాంటివి మరో రెండున్నాయి. ఒకటి వాడకానికి, ఇంకోటి విడిభాగాలకి. డిస్క్ నకలు తీసి, కొత్త ల్యాప్‌టాప్‌లో వర్చువల్ బాక్స్ పెట్టి అందులో ఎక్స్‌పీ నడిపించి చూపించాను. ఆయన కాసేపు టైపు చేసి చూశాడు.

“మంచిగనే ఉన్నది తమ్మీ. గని ప్రింటర్ దీనికి గుర్తువడతదా? ఇది ఆగిపోతె పెండ్లి కార్డులోళ్లకు నేనేం జెప్పాలె?”

ఆ ప్రశ్న న్యాయమైనదే. ఫైళ్లు దాచుకోవడానికి వర్చువల్ బాక్స్ చాలు. రోజూ పని చేసుకుని బతికే మనిషికి చేతికి అలవాటైన యాపిల్ కీబోర్డు లేఅవుటు, మాట వినే ప్రింటరు, పాతికేళ్ల ఫైళ్లు ఒక్కచోటే ఉండాలి.

ఆదిలాబాద్ జిల్లాలోనే దీనికి పూర్తిగా ఎదురు కథ ఒకటుంది. నార్నూర్ మండలం గుంజాలలో చేతిరాత ప్రతుల్లో బయటపడ్డ గోండి లిపికి 2018లో యూనికోడ్ 11.0లో చోటిచ్చారు. ఇవాళ అందులో ఒక గోండు పిల్లవాడు పాట రాసి పంపితే, ఫాంటు ఏదైనా మారొచ్చు గానీ పాట చెడదు. ఎక్స్‌పీకి మాత్రం ఆ లిపి ఉందన్న సంగతే తెలియదు. ఎంతో అచ్చయిన తెలుగుకి లేని భద్రత చేతిరాతలోంచి వచ్చిన ఆ లిపికి దొరికింది. ఇది తలుచుకుంటే నాకు సంతోషంగానూ ఉంటుంది, కొంచెం కుళ్లుగానూ ఉంటుంది.

పల్లెపాటల ఫైళ్లు తెరుచుకున్నాయి. పాఠాన్ని బయటికి తీసి కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మారుస్తున్నాను. మామూలు వాక్యాలు చాలావరకు సరిగ్గానే వస్తాయి. తేడా వచ్చేది ఒత్తుల దగ్గర. ఆపరేటర్ కంటికి బాగుండాలని ఒత్తుని కాస్త జరిపి పెట్టిన చోట్ల కన్వర్టర్ దాన్ని పక్క అక్షరానికి తగిలిస్తోంది. అలాంటి ప్రతి చోటా అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని సరిచూడాలి. బతుకమ్మ పాటలు అయ్యాయి. నాట్ల పాటలు సగంలో ఉన్నాయి.