కన్సల్టెన్సీ ఉద్యోగం: మేస్త్రీ, అడ్తిదారు, ఆ తర్వాత

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు "మావోడు అమెరికాల కన్సల్టెన్సీలో చేస్తుండు" అంటే ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. కంపెనీలకి సలహాలిచ్చే పెద్ద ఉద్యోగం కాదది. ఒకడు మనల్ని తన పేరోల్‌లో రాసుకుంటాడు, ఇంకొకడి ఆఫీసులో కూర్చోబెడతాడు, గంటకింత అని వసూలు చేసి తన వాటా పోను మిగతాది మనకిస్తాడు. సూర్యాపేట మార్కెట్లో వడ్లమ్మిన రైతుకి ఇదేం కొత్త కాదు. అడ్తిదారు ముందు అప్పిస్తాడు, సరుకు అమ్మిపెడతాడు, కమీషన్ పట్టుకుంటాడు.

మనుషుల్ని పంపడమూ పాత వ్యాపారమే. వందేళ్ళ కింద కోస్తా నుంచి రంగూన్ రైసు మిల్లులకి కూలీలని తీసుకెళ్ళింది మేస్త్రీలే. ఓడ ఖర్చు, అడ్వాన్సు మేస్త్రీ పెట్టేవాడు. కూలీ డబ్బులు కూడా అతని చేతిమీదుగానే వచ్చేవి, అప్పు కోత పోను.

ఇక మన కథ. హెచ్1బి వీసా అమెరికా 1990 చట్టంతో వచ్చింది, ఏడాదికి 65,000. వైటూకే, డాట్‌కామ్ ఊపులో 1998 చట్టంతో 1,15,000కి, 2000 చట్టంతో 1,95,000కి పెంచారు. 2004 నుంచి మళ్ళీ 65,000. ఆ ఊపులోనే అమీర్‌పేట కోచింగులూ వెలిశాయి. 2001లో మాంద్యం వచ్చేసరికి జనాలు గెస్ట్‌హౌసుల్లో బెంచ్ మీద కూర్చున్నారు. బెంచ్ మీదున్నా జీతం ఇచ్చి తీరాలని 1998 చట్టమే చెప్పింది. అయినా ఇవ్వనివాళ్ళు చాలామందే. అడిగితే వీసా పోతుందని భయం మరి! షియాంగ్ బియావో అనే మానవశాస్త్రజ్ఞుడు హైదరాబాదు, సిడ్నీల్లో తిరిగి మన ప్రోగ్రామర్ల మీద 2007లో ఒక పుస్తకమే వేశాడు. ఈ వ్యాపారాన్ని కట్నాల దాకా లాక్కెళ్ళి చూపించాడు. మనవాళ్ళెవరూ ఆ పని చెయ్యకపోవడం నాకు కొంచెం చిన్నతనంగానే ఉంటుంది :)

మరి లాభం లేదా అంటే, ఉంది. కోదాడలో బీటెక్ చేసినవాడికి క్యాంపస్ ఇంటర్వ్యూలుండవు, రికమెండేషనుండదు. వాడి రెజ్యూమె తీసుకుని పది చోట్లకి పంపేది కన్సల్టెన్సీ ఒక్కటే. పైగా 2000 చట్టం వల్ల వీసా కొత్త కంపెనీకి మార్చుకుని వెళ్ళిపోవచ్చు. రంగూన్ కూలీకి ఆ వీలెక్కడిది?

నేనూ హైదరాబాదులో ఒక కన్సల్టెన్సీ తరఫున రెండేళ్ళు చేశా, పేరెందుకులెండి. నాకూ క్లయింటుకీ మధ్య రెండు కంపెనీలు. మూడు టెక్నాలజీలు నేర్చుకున్న మాట నిజమే, క్లయింటు ఎంతిస్తున్నాడో చివరిదాకా తెలియలేదన్నదీ నిజమే. కమీషన్ నాకు పెద్ద అభ్యంతరం కాదు. అసలు బాధ రెజ్యూమెలో లేని అనుభవం కలపమనడం. పట్టుబడితే పోయేది మన పేరు, వాళ్ళది కాదు. "అందరూ పెడతారు బ్రదర్" అన్నవాడు ఆ రోజు ఫోనెత్తడు.

2025 సెప్టెంబరులో విదేశం నుంచి తెచ్చుకునే కొత్త హెచ్1బి మనిషికి లక్ష డాలర్లు కట్టాలన్నారు. చిన్న కన్సల్టెన్సీకి అది అయ్యే పని కాదు. స్టూడెంట్ వీసా మీద వెళ్ళి అక్కడే చదువుకుంటున్నవాళ్ళకి మాత్రం ఆ ఫీజు వర్తించదని తర్వాత చెప్పారు. అంటే కన్సల్టెన్సీలు వెతికేది ఎమ్మెస్ పిల్లలనే. ఇక్కడ రంగూన్ లెక్క తిరగబడింది. ప్రయాణం ఖర్చు ఇప్పుడు మేస్త్రీ పెట్టడు, మిర్యాలగూడలో పొలం తాకట్టు పెట్టి నాన్న పెడుతున్నాడు.