ఆట ఎవరి చేతిలో ఉంది? కన్సోల్, పీసీ క్రికెట్ ఆటల్లో ఆడేవారి అధికారం: విశాఖపట్నం నుంచి ఒక పరిశీలన

సారాంశం

కన్సోల్‌లో ఆడేవారికి స్వేచ్ఛ తక్కువ, పీసీలో ఎక్కువ అన్న అభిప్రాయం గేమింగ్ చర్చల్లో స్థిరపడిపోయింది. తెలుగువారు ఎక్కువగా ఆడే క్రికెట్ ఆటల ఆధారంగా ఈ వ్యాసం ఆ అభిప్రాయాన్ని పరీక్షిస్తుంది. 2006లో పీసీకీ, ప్లేస్టేషన్ 2కీ వచ్చిన ‘క్రికెట్ 07’, 2009లో హైదరాబాద్‌లో తయారైన ‘హనుమాన్: బాయ్ వారియర్’, 2014లో మొదలైన ‘డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్’ వరుస ఇక్కడి ప్రధాన ఉదాహరణలు. ఆడేవారి అధికారాన్ని నాలుగు అంచెలుగా విడదీసి చూస్తే, ఆటను చేతితో నడిపే అంచెలో కన్సోల్ వెనకబడి లేదనీ, ఆట లోపలి కంటెంట్‌ను మార్చుకునే అంచెలోనే అసలు తేడా ఉందనీ తేలుతుంది. పెద్ద కంపెనీల లెక్కలో చోటు దొరకని విశాఖ వంటి ఊళ్ళకు ఈ కంటెంట్ అంచే కీలకం.

కీలక పదాలు: కన్సోల్, పీసీ, ప్యాచ్, క్రికెట్ ఆటలు, విశాఖపట్నం, ఆడేవారి హక్కులు.

1. ప్రవేశిక

2005 ఏప్రిల్ 5న విశాఖపట్నం పోతినమల్లయ్యపాలెం స్టేడియంలో పాకిస్తాన్‌పై మహేంద్రసింగ్ ధోనీ 123 బంతుల్లో 148 పరుగులు చేశాడు. అంతర్జాతీయ క్రికెట్ పటం మీద ఆ మైదానానికి గుర్తింపు తెచ్చిన ఇన్నింగ్స్ అది. మరుసటి ఏడాది నవంబరులో ఈఏ స్పోర్ట్స్ ‘క్రికెట్ 07’ను విడుదల చేసింది. తయారుచేసింది కెనడాకు చెందిన హెచ్‌బీ స్టూడియోస్. ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల దేశవాళీ పోటీలకు అందులో చోటు దక్కింది. భారత జట్టు ఉన్నా లైసెన్సు లేనందువల్ల మన క్రికెటర్ల పేర్లు మార్చి పెట్టారు. రంజీ ట్రోఫీ లేదు. విశాఖ మైదానం లేదు.

క్రికెట్‌ను ప్రాణంగా చూసుకునే ఊరు క్రికెట్ ఆటలో కనిపించనప్పుడు ఆడేవారు ఏం చేయగలరు? ఈ ప్రశ్నకు పీసీ ఒక జవాబు, కన్సోల్ ఇంకో జవాబు ఇచ్చాయి. ఆ రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూడటమే ఈ వ్యాసం పని.

2. అధికారానికి నాలుగు అంచెలు

‘కంట్రోల్’, ‘కస్టమైజేషన్’ అనే రెండు మాటల కింద వేర్వేరు సంగతులు కలిసిపోవడం వల్లనే కన్సోల్–పీసీ చర్చ తరచూ దారి తప్పుతోంది. వాటిని ఇలా విడదీయవచ్చు. మొదటిది చేతి అంచె: బటన్, స్టిక్, మౌస్, కీబోర్డు ద్వారా ఆటను నడపడం. రెండోది సెట్టింగ్స్ అంచె: బొమ్మ నాణ్యత, వేగం, బటన్ల అమరిక వంటివాటిని సర్దుకోవడం. మూడోది కంటెంట్ అంచె: జట్లు, పేర్లు, దుస్తులు, మైదానాలు, వ్యాఖ్యానం మార్చడం. నాలుగోది యంత్రం అంచె: ఆ పెట్టెలో ఏ సాఫ్ట్‌వేర్ నడవాలో నిర్ణయించడం. ఒక అంచెలో వెనకబడిన యంత్రం మరో అంచెలో ముందుండవచ్చు.

3. చేతిలో, సెట్టింగ్స్‌లో కన్సోల్ బలం

షూటింగ్ ఆటల్లో గురిపెట్టడానికి మౌస్‌కు సాటి లేదు. అందువల్ల పీసీలో అదుపు ఎక్కువన్న భావన బలపడింది. క్రికెట్‌లో లెక్క వేరు. ‘క్రికెట్ 07’లో ‘సెంచరీ స్టిక్’ అనే పద్ధతి ఉంది: ఒక స్టిక్‌తో కాళ్ళ కదలిక, రెండో స్టిక్‌తో షాట్ దిశ. ప్లేస్టేషన్ 2 డ్యూయల్‌షాక్ 2 కంట్రోలర్‌లో స్టిక్ ప్రతి అక్షం మీదా 256 స్థాయిల్లో కదలికను పంపుతుంది. కీబోర్డు బాణాల కీలతో అందేది ఎనిమిది దిశలే. కీ నొక్కినట్టో, నొక్కనట్టో తప్ప మధ్యస్థితి ఉండదు. స్టిక్ పంపిన సమాచారాన్ని ఆట ఎంత వాడుకుంటుందన్నది తయారీదారు చేతిలో ఉన్నా, అందే సమాచారంలో ఇంత వ్యత్యాసం ఉంది. పీసీ ఆటగాళ్ళు యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్ కొనుక్కోవచ్చు. కానీ ప్రతి ఇంట్లోనూ అదే కంట్రోలర్ ఉంటుందన్న భరోసా కన్సోల్ తయారీదారుకు మాత్రమే ఉంటుంది. ఆట మొత్తాన్ని ఆ చేతి పరికరానికి తగ్గట్టు మలిచే వీలు అక్కడే పుడుతుంది.

వైకల్యం ఉన్న ఆటగాళ్ళ విషయంలో కన్సోళ్ళు ఇటీవల చెప్పుకోదగ్గ పని చేశాయి. 2015 మార్చిలో ప్లేస్టేషన్ 4కు, 2020 ఏప్రిల్‌లో నింటెండో స్విచ్‌కు యంత్రం స్థాయిలోనే బటన్లు మార్చుకునే సదుపాయం వచ్చింది. ఒకసారి మార్చుకుంటే అన్ని ఆటలకూ వర్తిస్తుంది. 2018లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌కు బయటి స్విచ్‌లు, పెడళ్ళు తగిలించుకోవడానికి 19 జాక్‌లు ఉన్నాయి. ఒక చెయ్యే పనిచేసేవారు మోచేతితో, కాలితో ఆడవచ్చు. సోనీ 2023 డిసెంబరులో యాక్సెస్ కంట్రోలర్ తెచ్చింది. పీసీలో ఇవన్నీ చేసుకోవచ్చు కానీ తరచూ ఒక్కో ఆటకు ఒక్కో పద్ధతి, ఒక్కో బయటి సాఫ్ట్‌వేర్ వెతుక్కోవాలి. వీలుండటం, అందుబాటులో ఉండటం ఒకటి కావు. మొదటి రెండు అంచెల్లో కన్సోల్‌కు రావలసిన గౌరవం ఇవ్వాలి.

4. కంటెంట్ అంచె: ‘క్రికెట్ 07’ ప్యాచ్‌ల కథ

ప్లేస్టేషన్ 2లో ఆట డిస్కు మీద ఉంటుంది. డిస్కు చదవడానికే, రాయడానికి కాదు. ఆడేవారి చేతిలో ఉండేది 8 ఎంబీ మెమరీ కార్డు. అందులో సేవ్‌లు దాచుకోవచ్చు. డిస్కు అసలుదో కాదో కన్సోలే పరీక్షిస్తుంది. పీసీలో అదే ఆట ఇన్‌స్టాల్ కాగానే ఒక ఫోల్డర్‌గా మారుతుంది. జెర్సీలు, బ్యాట్లు, ముఖాలు ‘ఎఫ్‌ఎస్‌హెచ్’ అనే బొమ్మల ఫైళ్ళుగా ఉంటాయి; ఆ ఫైళ్ళు ‘బిగ్’ అనే పెద్ద మూటల్లో ఉంటాయి. వాటిని విప్పే చిన్న సాధనం దొరికితే కొత్త బొమ్మ గీసి పాతదాని స్థానంలో పెట్టవచ్చు. ఇలా మార్చిన ఫైళ్ళ మూటే ప్యాచ్. ఆటలో విడిగా ‘మోడ్’ సౌకర్యం, అంటే ఆడేవారు చేసిన మార్పులను చేర్చుకునే ఏర్పాటు, ఏమీ లేకపోయినా పీసీ నిర్మాణమే ఆ వీలు కల్పించింది.

2008 ఏప్రిల్ 18న ఐపీఎల్ మొదలైంది. హైదరాబాద్ తరఫున డెక్కన్ ఛార్జర్స్ దిగి, 2009లో ట్రోఫీ గెలిచింది. 2012 ఏప్రిల్ 9న ముంబై ఇండియన్స్‌తో విశాఖలో ఆడిన మ్యాచ్‌ను చివరి బంతికి ముంబై ఆటగాడు రోహిత్ శర్మ సిక్సర్‌తో ముగించాడు. ఇన్ని జరిగినా ఈఏ ‘క్రికెట్ 07’ తర్వాత ఆ వరుసలో మరో ఆట తీసుకురాలేదు. కంపెనీ లెక్కలో క్రికెట్ 2006లోనే ఆగిపోయింది. డెక్కన్ ఛార్జర్స్ జెర్సీ, సరైన పేర్లు, కొత్త స్టేడియాలు, కొత్త టోర్నీలు ఆటలోకి తెచ్చినవి అభిమానులు తయారుచేసిన ఐపీఎల్ ప్యాచ్‌లు. ఇలా ఒక ఆట దశాబ్దంన్నరకు పైగా బతికింది.

ఆ ప్యాచ్‌లు మన ఊళ్ళకు చేరిన దారిలో ఇళ్ళ ఆర్థికం కూడా ఉంది. 2007 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ 3 భారత్‌లోకి వచ్చినప్పుడు ధర 39,990 రూపాయలు. పూర్తిగా ఆట కోసమే అంత పెట్టడానికి జీతం మీద బతికే కుటుంబం సిద్ధపడటం కష్టం. పోర్టు, స్టీల్‌ప్లాంట్, నౌకాదళం ఉద్యోగాల మీద పెరిగిన విశాఖలో కంప్యూటర్ చదువు పేరు మీద ఇంట్లోకి వచ్చింది. ఇంజనీరింగ్ చదివే పిల్లల కోసం కొన్న అసెంబుల్డ్ సిస్టమ్‌లోనే క్రికెట్ కూడా నడిచింది. కొత్త జెర్సీ ఫైలును ఏ ఫోల్డర్‌లో పెట్టాలో, పాతదాన్ని ఎలా బ్యాకప్ తీసుకోవాలో తెలుసుకోవడం చాలామంది కుర్రాళ్ళకు ఫైళ్ళ వ్యవస్థ మీద తొలి పాఠం. ఆ జ్ఞానానికి విద్యా విలువ ఉందని గుర్తించాలి.

ప్లేస్టేషన్ 2 కోసం కూడా ప్యాచ్ చేసిన డిస్కులు బయల్దేరాయి. వాటిని తయారుచేసింది పీసీలోనే. అవి నడవాలంటే డిస్కు పరీక్షను దాటించే మోడ్ చిప్‌ను కన్సోల్‌కు వేయించాలి. అక్కడ అభిమానుల సృజనా, పైరసీ ఒకే దుకాణంలో చేరాయి. తాళం ఎంత గట్టిగా వేస్తే, చట్టబద్ధంగా మార్చుకోవాలనుకున్నవారు కూడా అంతగా ఆ దుకాణం వైపు నెట్టబడతారు.

5. హైదరాబాద్ కన్సోల్ ఆట చెప్పే సంగతి

2009లో హైదరాబాద్‌కు చెందిన ఆరోనా టెక్నాలజీస్ తయారుచేయగా సోనీ ప్లేస్టేషన్ 2పై ‘హనుమాన్: బాయ్ వారియర్’ను విడుదల చేసింది. పూర్తిగా భారత్‌లో రూపొందిన తొలి కన్సోల్ ఆటల్లో ఇదొకటి. మన కథ, మన ఇంజనీర్లు కన్సోల్‌లోకి ప్రవేశించగలరని అది చూపింది. అప్పుడే ఒక అభ్యంతరమూ వచ్చింది. దేవుణ్ణి కంట్రోలర్‌తో ఆడించడం ఆయన్ను తక్కువ చేయడమేనని అమెరికాలో ఉండే హిందూ ప్రతినిధి రాజన్ జెడ్ వాదించి, ఆటను ఉపసంహరించమని కోరారు.

ఆ వాదనతో ఏకీభవించకపోయినా, బటన్ నొక్కడం అంటే ఒక పాత్ర మీద అధికారం తీసుకోవడమన్న గ్రహింపు అందులో ఉంది. ఆ గ్రహింపును కంటెంట్ అంచెకు అన్వయిస్తే ఇంకో లోటు కనిపిస్తుంది. కన్సోల్‌లో మన కథ రావాలంటే సోనీ వంటి సంస్థ అనుమతి, ప్రచురణ, డిస్కు అచ్చు అన్నీ కావాలి. వచ్చిన తర్వాత ఆ కథను పెంచే వీలు ఆడేవారికి లేదు. తయారీదారు అక్కడితో ఆపేస్తే ఆటా అక్కడే ఆగుతుంది. కంపెనీ కొత్త జట్టు చేయని కాలంలోనూ ‘క్రికెట్ 07’ పీసీలో కొనసాగడానికీ, దీనికీ తేడా ఇదే.

6. తాళం సగం తీసిన కన్సోల్

పై రెండు ఉదాహరణలతో ఆగితే కన్సోల్ స్వభావమే మూసివేత అన్న తీర్మానానికి వస్తాం. 2014లో ఆస్ట్రేలియాకు చెందిన బిగ్ యాంట్ స్టూడియోస్ తెచ్చిన ‘డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14’ దాన్ని కొట్టిపారేస్తుంది. అందులోని ‘క్రికెట్ అకాడమీ’లో ఆడేవారు క్రికెటర్లనూ జట్లనూ తయారుచేసి ఇతరులతో పంచుకోవచ్చు. ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360లలోనూ అది పనిచేసింది. 2016 చివర వచ్చిన ‘డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 17’ స్టేడియం నిర్మించుకునే సాధనాన్నీ ఇచ్చింది. లైసెన్సు లేని పేర్ల సమస్యను ఆడేవారే తీర్చుకున్నారు; దానికి మోడ్ చిప్ అవసరం పడలేదు.

క్రికెట్ బయటా ఇలాంటి ఉదాహరణ ఉంది. బెథెస్డా కంపెనీ 2016 మే నెలలో తన ‘ఫాలౌట్ 4’ ఆట మోడ్‌లను ఎక్స్‌బాక్స్ వన్‌లోకి తెచ్చింది. అదే సంవత్సరం నవంబరులో ప్లేస్టేషన్ 4లోకి తెచ్చినప్పుడు, బయట తయారైన బొమ్మలు, శబ్దాలు వాడకూడదని సోనీ షరతు పెట్టింది. రెండూ కన్సోళ్ళే, ఒకే ఆట. అయినా ఆడేవారికి దక్కింది వేర్వేరు. హార్డ్‌వేర్ వల్ల వచ్చిన తేడా కాదది, విధాన నిర్ణయం.

ఆ విధానం ఎలా ఉండాలో విశాఖ పోర్టు చూపిస్తుంది. పోర్టులోకి వచ్చే ఓడ మీదకు దారి చూపే పైలట్ ఎక్కుతాడు. ఓడ సంగతి కెప్టెన్‌కు తెలుసు, డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న ఇరుకు కాలువ సంగతి పైలట్‌కు తెలుసు. కెప్టెన్ అధికారం పోదు, పైలట్ లేకుండా ఓడ లోపలికి రాదు. తయారీదారుకూ, స్థానిక ఆటగాడికీ మధ్య ఉండవలసిన సంబంధం ఇలాంటిదే. ఇంజన్, ఆన్‌లైన్ భద్రత, చీటింగ్ నియంత్రణ తయారీదారు చేతిలో ఉండటం న్యాయం. జట్లు, పేర్లు, మైదానాలు, భాష స్థానికుడికి ఎక్కువ తెలుసు.

7. పీసీ స్వేచ్ఛకున్న హద్దులు

పీసీలో తలుపు తెరిచి ఉన్నా దాటే హక్కు అందరికీ లేదు. నెట్ సెంటర్‌లో గంటకు డబ్బులిచ్చి ఆడేవారికి అడ్మినిస్ట్రేటర్ అధికారం ఉండదు; రీస్టార్ట్ కాగానే మార్పులన్నీ చెరిగిపోయేలా సిస్టమ్‌లను అమర్చిన సెంటర్లూ ఉన్నాయి. యంత్రం సొంతదైనప్పుడే మార్పు నిలుస్తుంది. పోటీ ఆటల్లో పీసీ కూడా బిగుసుకుంటోంది: 2020లో వచ్చిన ‘వాలరంట్’ ఆడాలంటే విండోస్ కెర్నెల్ స్థాయిలో నడిచే యాంటీ చీట్ సాఫ్ట్‌వేర్‌ను ఒప్పుకోవాలి. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ కన్సోల్‌లా చేతిలో ఇమిడినా లోపల తెరిచిన లైనక్స్ కంప్యూటర్. రెండు జాతుల మధ్య గీత చెరిగిపోతోంది.

భాష విషయంలో పీసీ సాయం కూడా సగమే. తెలుగు యూనికోడ్‌లోకి 1991లో వచ్చింది. విండోస్‌లో తెలుగు ఉంది; హైదరాబాద్‌కు చెందిన స్వేచ్ఛ వంటి సంస్థలు లైనక్స్‌ను తెలుగులోకి తెచ్చాయి. అయితే ఆటలో తెలుగు కనబడాలంటే ఫాంట్ ఫైలు మారిస్తే చాలదు. గుణింతాలు, ఒత్తులు సరిగా కూర్చే పని ఇంజన్ చేయాలి. ఉచిత ఇంజన్ గోడోకు ఆ శక్తి 2023లో వచ్చిన 4.0తో దక్కింది. ఇంజన్‌లో లేని సదుపాయాన్ని ప్యాచ్ వేసేవారు తెచ్చుకోవడం చాలా కష్టం.

8. చట్టం ఏమంటోంది

నింటెండో ఆటల్లో ప్రాణాలు, వేగం మార్చే ‘గేమ్ జీనీ’ పరికరం కాపీరైట్‌ను ఉల్లంఘించదని 1992లో అమెరికా అప్పీళ్ళ కోర్టు తేల్చింది. ఆడేవారు తయారుచేసిన ‘డ్యూక్ న్యూకెమ్’ ఆట లెవెళ్ళను మూటగట్టి అమ్మిన వ్యాపారికి 1998లో అదే కోర్టులో ప్రతికూల తీర్పు వచ్చింది. సొంతంగా మార్చుకుని ఆడటం, ఇతరుల సృష్టితో వ్యాపారం చేయడం వేర్వేరు అన్న వివేకం ఈ రెండు తీర్పులను కలిపి చదివితే దొరుకుతుంది.

మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో చేరిన 65ఎ సెక్షన్ డిజిటల్ తాళాలను తెంచడాన్ని నేరం చేసింది. అయితే హక్కులను ఉల్లంఘించే ఉద్దేశం ఉన్నప్పుడే శిక్ష. చట్టం స్పష్టంగా నిషేధించని ప్రయోజనం కోసం చేసే పనిని ఆ సెక్షన్ మినహాయించింది. పైరసీకీ, ఆడేవారి సర్దుబాటుకూ మధ్య గీత గీయడానికి ఇందులో ఆధారం ఉంది. ఫ్రాంచైజీల లోగోలు, క్రికెటర్ల పేర్లు వాడే ప్యాచ్‌ల విషయంలో హక్కుల ప్రశ్న మిగిలే ఉంటుంది. ఉచితంగా పంచినంత మాత్రాన అది తీరదు.

9. నిర్ధారణలు

మొదటిది, చేతి అంచెలోనూ, వైకల్యం ఉన్నవారికి అందుబాటులోనూ కన్సోల్ పీసీకి పాఠం చెప్పగలదు. రెండోది, నిర్ణాయకమైన తేడా కంటెంట్ అంచెలో ఉంది. దానికి కారణం యంత్ర శక్తికన్నా యజమాని విధానం. మూడోది, ఈ తేడా వల్ల కలిగే నష్టం అందరికీ సమానం కాదు. లండన్ లార్డ్స్ మైదానం ఎలాగూ ఆటలో ఉంటుంది. పోతినమల్లయ్యపాలెం ఉండాలంటే ఎవరో ఒకరికి ఫైలు మార్చే హక్కు ఉండాలి.

కాబట్టి భారత్‌లో ఆటలు అమ్మే సంస్థలు పేర్లు, దుస్తులు, మైదానాలు, తెరమీది వాక్యాలు అనే నాలుగింటినైనా కన్సోల్‌లో ఆడేవారు మార్చుకునేలా తెరవాలి. తెలుగు రాష్ట్రాల స్టూడియోలు తమ ఆటల వాక్యాలను విడి ఫైలుగా ఇచ్చి, ఒత్తులు కూర్చే ఇంజన్ ఎంచుకుని ఈ పనిని ముందు మొదలుపెట్టవచ్చు. విశాఖ ఇంజనీరింగ్ కళాశాలలు ప్యాచ్ తయారీని, దాని చట్టపరమైన హద్దులతో సహా, ప్రాజెక్టు పనిగా గుర్తించాలి. ఇంట్లో సిస్టమ్ ముందు కూర్చుని ఒక తరం తనంతట తాను నేర్చుకున్న విద్యకు తరగతి గదిలో చోటు ఇవ్వడం ఆ తరం శ్రమకు న్యాయం చేయడమే.