బందీ వైద్యం, ఖజానా బాధ్యత

మనిషి స్వేచ్ఛను హరించిన రాజ్యమే, ఆ స్వేచ్ఛ కోల్పోయినందున తన దేహాన్ని తాను రక్షించుకోలేని ఆ బందీ ఆరోగ్యానికి పూచీ వహించాలన్న సూత్రం ఆధునిక న్యాయవ్యవస్థలలో క్రమేణా వేళ్లూనుకున్నది. 1773లో బెడ్‌ఫర్డ్‌షైర్ షెరీఫ్ పదవి చేపట్టిన జాన్ హోవార్డ్ చెరసాలల దుస్థితిని కళ్లారా చూసి బ్రిటిష్ పార్లమెంటుకు నివేదించగా, మరుసటి ఏడాదే బందీల ఆరోగ్య రక్షణకు చట్టం వెలువడింది. కారాగారాన్ని షెరీఫ్ చేతికీ, దాని వ్యయాన్ని స్థానిక పన్నులకూ అప్పగించే ఆ ఆంగ్లేయ సంప్రదాయాన్నే అమెరికాలోని స్థానిక పాలనా విభాగాలైన కౌంటీలు వారసత్వంగా స్వీకరించాయి.

నిర్బంధంలో ఉన్నవానికి చికిత్స చేసిన వైద్యుని రుసుము ఎవరు చెల్లించాలన్న వివాదంలో, స్వేచ్ఛ లేనందున తన్ను తాను చూసుకోలేని బందీ సంరక్షణ ప్రజల బాధ్యత కావడమే న్యాయమని ఉత్తర కరొలినా సుప్రీంకోర్టు 1926లో, స్పైసర్ కేసులో పలికింది. ఆ ధర్మవాక్కును ఆచరణలో పెట్టవలసినవి మాత్రం ఆస్తిపన్నుపై బతికే స్థానిక ఖజానాలు. 1965లో మెడికెయిడ్ పథకం అవతరించి నిరుపేదల వైద్యవ్యయంలో సమాఖ్య ప్రభుత్వం భాగస్వామి అయినప్పుడు సైతం, ప్రభుత్వ సంస్థలలో నిర్బంధితులైనవారికి మెడికెయిడ్ నిధులు చెల్లవని చట్టం నిర్దేశించింది. అనాదిగా రాష్ట్రాలు, కౌంటీలు మోస్తున్న భారాన్ని వాషింగ్టన్‌లోని సమాఖ్య ప్రభుత్వానికి బదలాయించరాదన్న తలంపు దాని వెనుక ఉన్నదే గాని, రోగుల పట్ల కేవల నిర్దయను అందులో చూడడం సమంజసం కాదు.

ఒకవైపు నిధుల ద్వారం మూసుకొని ఉండగానే మరొకవైపు బాధ్యత విస్తరించింది. ఎస్టెల్ వర్సెస్ గ్యాంబుల్ కేసులో 1976లో తీర్పు రాసిన అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి థర్‌గుడ్ మార్షల్, ఖైదీ తీవ్ర వైద్యావసరాన్ని తెలిసీ ఉపేక్షించడం ఎనిమిదవ రాజ్యాంగ సవరణ నిషేధించిన క్రూరశిక్షయేనని నిర్ణయించారు. అయితే కౌంటీ జైళ్లలో అధికసంఖ్యాకులు శిక్ష పడినవారు కారు, విచారణకై నిరీక్షిస్తున్నవారు. అటువంటివారి విషయంలో 1983 నాటి రివీర్ నగరం వర్సెస్ మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ తీర్పు కీలకమైనది: పోలీసులు పట్టుకొనే క్రమంలో గాయపడినవానికి చికిత్స అందేలా చూడడం ప్రభుత్వ విధి అని సుప్రీంకోర్టు అంగీకరించింది, కానీ ఆ ఖర్చును ప్రభుత్వం, ఆసుపత్రి ఏ నిష్పత్తిలో భరించాలన్నది రాజ్యాంగం తేల్చే ప్రశ్న కాదనీ, రాష్ట్రచట్టాలకు వదలవలసినదనీ పేర్కొన్నది. హక్కు ఆ విధంగా దేశమంతటికీ ఒకటైంది, చెల్లింపు మాత్రం ఎక్కడికక్కడ వేరైంది.

1965 నిషేధానికి ఆదినుంచీ ఒక మినహాయింపు ఉన్నది: జైలు వెలుపలి ఆసుపత్రిలో ఇన్‌పేషెంటుగా చేరిన అర్హునికి మెడికెయిడ్ వర్తించవచ్చు. ఈ సంగతిని సమాఖ్య అధికారులు 1997లో స్పష్టపరచినప్పటికీ, జైళ్లలోని సంతానభారం లేని వయోజన పురుషులలో అత్యధికులకు మెడికెయిడ్ అర్హతే లేకపోవడం వల్ల అది చాలాకాలం అక్కరకు రాలేదు. 2010 నాటి ఆరోగ్య చట్టం కింద 2014 నుంచి పథకాన్ని విస్తరించిన రాష్ట్రాలలో ఆదాయమే అర్హతకు ప్రమాణం కావడంతో, ఆసుపత్రి బిల్లులలో గణనీయ భాగం సమాఖ్య నిధులకు మళ్లింది. విస్తరించని రాష్ట్రాలలో పాత భారం చాలావరకు అలాగే మిగిలింది. 2023 జనవరిలో కాలిఫోర్నియాకు లభించిన ప్రత్యేకానుమతి, విడుదలకు ముందరి 90 రోజుల వరకు కొన్ని వైద్యసేవలకు మెడికెయిడ్‌ను జైలు లోపలికే తీసుకువెళ్లింది.

ఈ పరిణామంలో షెరీఫులనో కౌంటీలనో మాత్రమే దోషులుగా నిలబెట్టడం న్యాయం కాదు, ఎందుకంటే చిన్న కౌంటీ వార్షిక లెక్కలను ఒక్క పెద్ద శస్త్రచికిత్స తలకిందులు చేయగలదు. అంతమాత్రాన, బిల్లు తప్పించుకొనేందుకు రోగిని ఆసుపత్రి గుమ్మం ముందు హడావిడిగా విడుదల చేసే పద్ధతిని సమర్థించలేము. విధిని విధించిన దేశమే వ్యయాన్నీ పంచుకోవాలి; నేరం ఇంకా రుజువు కాని మనిషి ప్రాణం, అతడు పట్టుబడిన కౌంటీ సంపదపై ఆధారపడి ఉండరాదు.