రెండో డబ్బా ఎందుకొచ్చింది?

1974 నవంబరులో అమెరికాలో 'ఎర్త్‌క్వేక్' సినిమా విడుదలైంది. తెర మీద లాస్ ఏంజెలెస్ కూలుతుంటే హాల్లో కుర్చీలు నిజంగానే అదిరాయి. యూనివర్సల్ స్టూడియో కోసం సెర్విన్-వేగా కంపెనీ తయారుచేసిన బీరువాలంత స్పీకర్ల పని అది. ఆ ఏర్పాటు పేరు సెన్‌సరౌండ్. హాలీవుడ్‌లోని చైనీస్ థియేటర్‌లో పైకప్పు పెచ్చులు జనం నెత్తిన పడకుండా వల కట్టాల్సి వచ్చింది.

ఇళ్లలో కథ వేరు. 1958 నాటికి స్టీరియో రికార్డులు బజారుకొచ్చాయి. ఎడమకొక స్పీకరు, కుడికొకటి. కానీ లోతైన బేస్ రెండు పక్కలా వేర్వేరుగా ఉంటే గ్రామఫోన్ ముల్లు గాడిలోంచి ఎగిరిపడేది. అందుకే రికార్డు తయారీలోనే ఇంజనీర్లు బేస్‌ను కలిపేసేవారు. పైగా సుమారు 80 హెర్ట్జ్ కంటే కింది మోత ఎటు నుంచి వస్తోందో చెవికి సరిగా అంతుపట్టదు. ఇంకేం, బేస్‌కు ఒక్క డబ్బా చాలనుకున్నారు. 1968లో ఇన్ఫినిటీ సంస్థ తెచ్చిన సర్వో-స్టాటిక్‌లో రెండు పక్కల బేస్ భారాన్నీ 18 అంగుళాల వూఫర్ ఒక్కటే మోసింది.

1992లో 'బ్యాట్‌మ్యాన్ రిటర్న్స్'తో డాల్బీ డిజిటల్ థియేటర్లకు, తర్వాత డీవీడీలతో ఇళ్లకు చేరింది. దాని 5.1 అమరికలో చివరి '.1' అంటే 120 హెర్ట్జ్ లోపు మోతకు విడిగా వేసిన దారి. టీవీ పక్క మూలలో సబ్‌వూఫర్ అనే నల్ల డబ్బా వెలిసింది.

చిక్కు అక్కడే మొదలైంది. ఒకే సోఫాలో ఒకరికి గుండెలదిరే మోత, పక్కవారికి చప్పుడే లేదు!

తప్పు డబ్బాది కాదు, గదిది. పదహారడుగుల గదినే చూడండి. 35 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు దాదాపు 32 అడుగులు. అందులో సగం సరిగ్గా ఆ గోడల మధ్య ఇముడుతుంది. గోడకు తగిలి తిరిగొచ్చే అల, ఎదురొచ్చే అల కలిసి గోడల దగ్గర పోటెత్తుతాయి, నడిగదిలో వట్టిపోతాయి. అక్కడ కూర్చున్నవారి కోసం సౌండు పెంచితే గోడ వైపు వారికి హోరెత్తిపోతుంది.

2002లో హార్మన్ సంస్థ పరిశోధకుడు టాడ్ వెల్టీ దీని లెక్క తేల్చాడు. దీర్ఘచతురస్రపు గదుల్లో సబ్‌వూఫర్ల సంఖ్యనూ చోట్లనూ మార్చి మార్చి చూశాడు. ఎదురెదురుగా ఉన్న ఒక్కో గోడ నడిమధ్యన ఒక్కోటి పెడితే, రెండింటితోనే నాలుగింటికి దగ్గరగా ఫలితం వచ్చింది. ఇక్కడి డబ్బా ఒక చివర ఒత్తిడి పెంచి ఆ అలను రేపబోతే, అక్కడిది రెండో చివర అదే పని చేసి దాన్ని అణుస్తుంది. పోటు తగ్గుతుంది, నాలుగు కుర్చీలకూ బేస్ ఇంచుమించు సమానంగా అందుతుంది.

అలా రెండు డబ్బాలు వచ్చాయి, స్టీరియో కోసం కాదు. రెండింటికీ వెళ్లేది ఒకే సిగ్నల్. పాటల కోసం బుక్‌షెల్ఫ్ స్పీకర్లు పెట్టుకున్నవారికీ ఇదే లాభం. సీడీకి ముల్లు బెడద లేదు కనుక ఎడమ బేస్ ఎడమకే, కుడి బేస్ కుడికే పంపుకునేవారూ ఉన్నారు.

మన ఇళ్లలో గోడ నడుమ తలుపో బీరువానో ఉంటుంది. అలాంటిచోట ఓ పాత చిట్కా ఉంది: డబ్బాను సోఫా మీదికెక్కించి, బేస్ బాగా ఉన్న పాట పెట్టి, గోడల వెంబడి మోకాళ్ల మీద పాకడం. మోత నిండుగా, తేటగా వినిపించిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని, డబ్బాను అక్కడికి దించుతారు.