పదుమూడవ సాధనము

కడప సీమలో పోరుమామిళ్ల యను గ్రామ మున్నది. అచ్చటి భైరవాలయము నొద్ద నొక సంస్కృత శాసనము కలదు. దాని కాలము శకవర్షము 1291, అనగా క్రీస్తుశకము 1369. విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని మారుపేరు గలవాడు, ఆ యూర నొక పెద్ద చెరువు కట్టించి దానికి అనంతరాజసాగరమని పేరిడెను. ఆ సంగతి చెప్పుటకే యీ శాసనము పుట్టినది.

శాసనములు చదువు నలవాటు గలవారికి వానిలో నేమి యుండునో తెలియును. రాజుగారి వంశావళి యుండును. ఆయన గెలిచిన శత్రువుల పేళ్లుండును. దాన మిచ్చిన భూమి యెల్లలును, దాని నపహరించిన వానికి గలుగు పాపమును చెప్పబడును. పోరుమామిళ్ల శాసనమున అంతకంటె విశేషమైన భాగ మొకటి కలదు. మంచి చెరువునకు సాధనములు పండ్రెండనియు, దోషములు ఆరనియు అది వరుసగా నెన్ని చెప్పుచున్నది. నేల, నీరు, కొండ, రాయి, మనుష్యుడు ఒకరి కొకరెట్లు తోడుపడవలెనో రాతిమీద చెక్కి పెట్టిన ప్రకృతిశాస్త్ర పాఠమని దానిని చెప్పవచ్చును. శ్రోతలారా! నేటి ప్రసంగమున ఆ పాఠమును మొదట చదివి, పిమ్మట అందు లేని మాట యొకదానిని మీతో ముచ్చటింప దలచితిని.

మొదటి సాధనము ధర్మబుద్ధియు ధనమును కీర్తికాంక్షయు గల ప్రభువు. రెండవది జలశాస్త్రము నెరిగిన పండితుడు. మూడవది గట్టి బంకమన్ను గల నేల. నాలుగవది మూడు యోజనముల దూరమునుండి పారివచ్చు తీయని నీటి నది. ఐదవది ఆ నదిని తాకుచుండు కొండ. ఆరవది ఆ కొండ భాగముల నడుమ, మిక్కిలి పొడవు గాక, గట్టి రాతితో దృఢముగా వేసిన కట్ట. ఏడవది కట్ట రెండు కొనలును ఫలభూముల కెడముగ నుండుట. ఎనిమిదవది విశాలమై లోతైన చెరువు గర్భము. తొమ్మిదవది నిడుపైన తిన్నని రాళ్లు దొరకు గని. పదియవది చేరువనే చదునుగా నున్న సారవంతమైన పొలము. పదునొకండవది కొండ యునికివలన బలమైన సుడులు గల నీటిపాటు. పండ్రెండవది కట్టుబడి పనియందు నేర్పరులైన జనసమూహము.

ఈ వరుసను కొంచెము తరచి చూడుడు. నది దూరమునుండి రావలె ననుటలో గొప్ప తెలివి యున్నది. చెరువు తనపై బడిన వానచేత నిండదు. ఎగువ నెన్నియో క్రోసుల మేర బడిన వానను నది పోగుచేసి తెచ్చినప్పుడే నిండును. ఒక మబ్బు తప్పిపోయినను మరియొక మబ్బు ఆదుకొనును. కట్ట పొట్టిగను గర్భము లోతుగను ఉండవలె ననుటయు అట్టిదే. కట్ట పొడవైన కొలదిని ఖర్చు హెచ్చును, గండి పడు చోట్లును హెచ్చును. నీరు పలుచగా పరచుకొన్నచో ఎండ దానిలో పెద్దభాగమును ఆవిరి చేసికొని పోవును. అదే నీరు లోతుగా నిలిచినచో వేసవివరకు మిగులును. మన వానలు ఏడాది పొడవునను కురియునవి కావు. ఋతుపవనములు నాలుగు నెలలు వీచును. అందును పెద్దవానలు కొలది దినములే. ఆ కొలది దినముల నీటిని పండ్రెండు నెలలకు సరిపెట్టుటయే చెరువు చేయు పని.

ఇక దోషము లారు. కట్టనుండి నీరు ఊరుట మొదటిది. ఉప్పునేల రెండవది. రెండు రాజ్యముల పొలిమేరలో చెరువుండుట మూడవది. గర్భము నడుమ మిట్ట యుండుట నాలుగవది. నీరు కొంచెమై సాగు నేల మిక్కుటమగుట ఐదవది. నేల కొంచెమై నీరు మిక్కుటమగుట ఆరవది.

మూడవ దోషమును గూర్చి యొక మాట. మన్ను మంచిదై రాయి గట్టిదై యున్నను, ఎల్ల మీద నీరు తగవునకు మూలమగునని ఆనాటివారు గుర్తించిరి. కృష్ణానదీ జలముల పంపకమునకై 1969లో నొక న్యాయస్థానము నేర్పరచవలసి వచ్చినది. 2014లో రెండు తెలుగు రాష్ట్రము లేర్పడిన పిదప ఆ వాదము వాని నడుమను సాగినది. కడపటి రెండు దోషములును ఒక నాణెమునకు రెండు ముఖములు. నీటికిని నేలకును పొందిక యుండవలెను. ఉన్న నీటికి మించి పైరు పెట్టిన ఊరికి కరవు తప్పదని ఆ రాయి ఆరువందల యేండ్ల క్రిందటనే పలికినది.

రెండు సంవత్సరములు వేయిమంది పనివారును, నూరు బండ్లును ఈ చెరువు పనిలో నుండిరని శాసనము తెలుపుచున్నది. ఇంత వివరముగా చెప్పిన ఆ రాతిలో, పండ్రెండు సాధనములలో గాని ఆరు దోషములలో గాని, ఒక సంగతి కానరాదు. కట్టిన చెరువును ఏటేట కాచువా డెవడు? పూడిక తీయువా డెవడు? ఇదియే నేను చెప్పదలచిన లేని మాట.

చెరువు పుట్టిన దినముననే దాని చావును మొదలగును. ఎగువనుండి వచ్చు ప్రతి వరదయు నీటితోపాటు ఒండ్రును తెచ్చును. నీరు నిలిచినచోట ఒండ్రు అడుగున దిగబడును. ఎగువ కొండలమీద చెట్లు దట్టముగ నున్నచో వానచినుకు ఆకుపై బడి, వేళ్లవెంట నేలలోనికి దిగి, మెల్లగా వాగులోనికి వచ్చును. చెట్లు కొట్టివేసినచో అదే చినుకు మట్టిని కోసికొని పరుగెత్తి వచ్చును. కనుక కొండమీద గొడ్డలిపెట్టు పడినచో దాని గాయము చెరువు గర్భమున కనబడును. పూడిక పెరిగినకొలది గర్భము నిస్సారమై, విశాలమై లోతైనదిగా నుండవలెనన్న ఎనిమిదవ సాధనము తప్పును. నీరు కొంచెమై నేల మిక్కుటమగు ఐదవ దోషము తానై వచ్చి చేరును. ఏ శత్రువును కట్ట తెంపకున్నను చెరువు చచ్చును.

పూర్వులు దీని నెరుగకపోలేదు. శాసనములోని ఆ పట్టికలో లేనిది గ్రామాచారములో నుండెను. చెరువు కట్టినవానికిని మరమ్మతు చేయువానికిని ఆయకట్టులో కొంత భూమిని దశబంధమను పేర మాన్యముగా నిచ్చుచుండిరి. చెరువు బాగున్నంతకాలము ఆ మాన్యము పండును; చెరువు చెడినచో అదియు ఎండును. కావలివాని మేలును చెరువు మేలును ఒకే తూమునకు ముడివేసిన యేర్పాటిది. తూము తెరచి మూసి మడిమడికి నీరు పంచుటకు నీరుగంటి యుండెను. పంటలో నతనికి మేర ముట్టుచుండెను. వేసవిలో చెరువెండినప్పుడు రైతులు పూడికమన్ను బండ్ల కెత్తుకొని పొలములకు తోలుకొనిరి. చెరువునకు లోతు, చేనునకు ఎరువు. ఒక్క పని రెండు ఫలములు.

చెరువు కట్టించుటను మన పెద్దలు సప్తసంతానములలో నొకటిగా నెంచిరి. కాకతి గణపతిదేవుని కాలమున ఆయన సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడిని నిలిపెను. ఆ గుడి చెంతనే రామప్ప చెరువున్నది. ఆ కాలముననే జగదాల ముమ్మడి పాకాల చెరువును కట్టించెను. సంతానమనిన కనుట మాత్రమే కాదు, పెంచుటయు కలదు. ఆ పెంపకము ఊరివారి చేతులలో నుండెను.

ఆంగ్లేయుల యేలుబడిలో ఆ చేతులు సడలినవి. చెరువులు సర్కారు సొత్తుగ లెక్కకు వచ్చెను. శిస్తు సర్కారునకు చేరెను. మరమ్మతు భారము మాత్రము ఇరువురి నడుమ నిలిచిపోయెను. ఆచారము బలహీనమైన దనుటకు 1858వ సంవత్సరపు మద్రాసు చట్టమే సాక్షి. గండ్లు పూడ్చు పనికి గ్రామస్థులు రావలెననియు, వాడుకగా చేయవలసిన వంతు తప్పినవాడు సొమ్ము చెల్లింపవలెననియు అది విధించెను. పిలువకుండ వచ్చు పనికి చట్ట మక్కరలేదు గదా! అదే కాలమున గోదావరి మీద ఆర్థర్ కాటను ధవళేశ్వరపు ఆనకట్టను 1847 మొదలు 1852 వరకు కట్టించెను. 1833 నాటి కరవుతోను తుపానులతోను చితికిన డెల్టాకు అది ప్రాణము పోసినది. ఆ మేలును కాదనరాదు. కాని పెద్దనది యందని మెట్టసీమల కది చాలదు. 1876 నుండి 1878 వరకు వచ్చిన దారుణ క్షామమున రాయలసీమ మలమల మాడినది. పిమ్మట 1883లో గాని మద్రాసు ప్రభుత్వము చెరువుల పునరుద్ధరణ ప్రణాళికను చేపట్టలేదు.

చెరువును కాయకున్న కలుగు కీడు ఎండకాలమున మాత్రమే కాదు, వానకాలమునను తెలియును. మన చెరువులు పెక్కు గొలుసుకట్టుగా నున్నవి. ఎగువ చెరువు నిండి అలుగు పారిన నీరు దిగువ చెరువున పడును. ఈ అలుగునే తెలంగాణమున మత్తడి యనియు, రాయలసీమలో మరువ యనియు అందురు. ఎగువ కట్ట తెగినచో ఆ నీరంతయు నొక్కపెట్టున దిగువ కట్టపై విరుచుకొనిపడి దానిని తెంపును. 1908 సెప్టెంబరు 28న మూసీనది హైదరాబాదును ముంచెత్తినప్పుడు అతివృష్టికి తోడు ఎగువ చెరువులు రెండువందలకు పైగా తెగినవి. విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఆ పిమ్మట ఉస్మానుసాగరమును 1920లోను, హిమాయతుసాగరమును 1927లోను నిర్మించిరి.

స్వాతంత్ర్యానంతరము విద్యుచ్ఛక్తితో బోరుబావులు వచ్చినవి. తన చేనిలో తన బోరు ఉన్నవానికి చెరువుకట్ట మీదికి పోవలసిన పని తగ్గెను. కాని బోరు నీటిని పుట్టించునది కాదు, తోడునది మాత్రమే. చెరువులో నిలిచిన నీరు మెల్లగా నేలలోనికి ఇంకి చుట్టుపట్ల బావులను నింపును. చెరువు పూడి, దాని శిఖము ఆక్రమణలకు లోనై, ఇండ్లస్థలములుగా మారినపుడు బోరుల లోతు ఏటేట పెంచవలసి వచ్చినది. ప్రభుత్వములును ఈ సంగతి గుర్తింపకపోలేదు. 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ నీటి సంఘముల చట్టమును చేసి రైతులకు నిర్వహణలో పాలు కల్పించెను. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ యను పేర 46,000కు పైగా చెరువులను పునరుద్ధరింప సంకల్పించి పూడిక తీయించుట మొదలిడెను; ఆ మన్ను మరల పొలములకు తరలినది.

ఇవి మెచ్చదగిన పనులే. అయినను యంత్రములతో ఒకసారి తీసిన పూడిక మరుసటి వానతోనే మరల చేర నారంభించును. ఒక ఉత్సవముతో చెరువు బ్రదుకదు. కట్టమీది తుమ్మమొక్కను అది మొక్కగా నున్నప్పుడే పెరుకువాడు, తూము మూతను చూచువాడు, వానకు ముందు అలుగు ముఖమున పేరిన చెత్తను తీయువాడు, శిఖములో తొలి కంచె నాటినపుడే ఇది తగదని పలుకువాడు ఏటేట ఉండవలెను.

పోరుమామిళ్ల చెరువు నేటికిని ఉన్నది. కట్టించిన రాజవంశము పోయినది; ఆ వెనుక వచ్చిన రాజ్యములును పోయినవి. శాసనము నెరుగని సామాన్యు లెందరో తరతరములుగా గంప లెత్తి మన్ను పోయనిచో ఆ రాయి యొక్కటియే మిగిలి యుండెడిది. శాసనము పండ్రెండు సాధనములలో మొదట ప్రభువును, కడపట పనివారిని చెప్పినది. శ్రోతలారా, వానితో పదుమూడవదానిని మనము చేర్చుకొందము: తన చెరువు తనదని యెరిగి దానిని కాచు ఊరు. ఈ యేడు మీ యూరి చెరువుకట్ట మీద నొకసారి నడచి, తూమెట్లున్నదో, అలుగెట్లున్నదో స్వయముగ చూచి రండని మనవి చేయుచు ముగించుచున్నాను.