న్యూకాసిల్ బొగ్గు, అనకాపల్లి బెల్లము

ఉన్నచోటికే ఉన్న సరకును మోసికొనిపోవు వ్యర్థప్రయాసను ఆంగ్లేయులు ‘న్యూకాసిల్‌కు బొగ్గులు మోయుట’ అందురు. టైన్ నదీతీరమందలి ఆ రేవునుండి లండను నగరమునకు శతాబ్దుల తరబడి ఓడలపై బొగ్గు పోయినది. 1662లో వెలువడిన థామస్ ఫుల్లరు గ్రంథమునందే ఈ సామెత కలదు.

దీనిని తెలుగు చేయవలెనన్న ‘అనకాపల్లికి బెల్లము మోయుట’ అని మనకు చప్పున తోచును. 1913లోనే చెరకు పరిశోధన కేంద్రము వెలసిన ఊరు గదా! కాని శ్రోతలు ఒక్క క్షణము ఆలోచింతురు గాక. చుట్టుపట్ల పల్లెలలో చెరకు గానుగాడి, పెనములలో పాకము కాచి, దిమ్మలు పోసి, రైతులు బండ్ల కెత్తించునది అనకాపల్లికే. ధర తేలునది అచ్చటి బజారులోనే. ఆ ఊరికి బెల్లము చేర్చుట వ్యర్థము కాదు, బ్రతుకు తెరువు. న్యూకాసిల్ సరకు బయలుదేరు చోటు. అనకాపల్లి సరకు వచ్చి చేరు చోటు. ఆ న్యూకాసిల్‌కును ఈ శతాబ్ది ఆరంభమున విదేశపు బొగ్గు దిగుమతి అయినదట!

1868లో కెప్టెన్ కార్ అను దొర తెలుగు సామెతలను ఆంగ్లానువాదముతో మద్రాసులో ప్రకటించినాడు. అట్లు ప్రక్కప్రక్కన పెట్టి చూచిన పోలికకన్న భేదమే బోధపడును. పత్రికలవారు రాబడిలేని కట్టడమును ‘తెల్ల ఏనుగు’ అందురు. ఐరావతమును కొలిచిన మనకు ఆ మాటలో నింద వినబడదు. మేపలేక చితికిపోవుటకై సయాము రాజు గిట్టనివానికి దానిని బహూకరించెనను కథ తెలియవలెను. మన ‘అడవి గాచిన వెన్నెల’లో మేపు ఖర్చే లేదు. చూచువాడు లేడు, అంతే.