ప్రాజెక్టు నిర్వహణ ధ్రువపత్రాలు

ప్రాజెక్టు నిర్వహణ ధ్రువపత్రం అనగా, ఒక పనిని అనుకున్న కాలంలో, అనుకున్న వ్యయంలో, అనుకున్న నాణ్యతతో పూర్తి చేయించుటకు కావలసిన పరిజ్ఞానం లేక అనుభవం ఒక వ్యక్తికి ఉన్నదని వృత్తి సంస్థ ఒకటి పరీక్షించి ఇచ్చే పత్రం. ఇది విశ్వవిద్యాలయ పట్టా కాదు, ప్రభుత్వం ఇచ్చే లైసెన్సూ కాదు. వైద్యులకు, న్యాయవాదులకు నమోదు తప్పనిసరి. భారతదేశంలో ప్రాజెక్టు మేనేజరుగా పనిచేయుటకు మాత్రం చట్టరీత్యా ఏ ధ్రువపత్రమూ అవసరం లేదు. అయినను సాఫ్ట్‌వేర్, నిర్మాణ, ఇంధన రంగాల సంస్థలు ఉద్యోగ ప్రకటనలలో వీటిని అడుగుట కద్దు. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు, గల్ఫ్ దేశాలలో పనిచేసే తెలుగు ఇంజనీర్లకు వీటిలో బాగా పరిచయమైన పేరు పి.ఎం.పి. అయితే అది అందరికీ, ఉద్యోగ జీవితపు అన్ని దశలలోనూ తగినది కాదు.

పత్రాలలో రకాలు

ఈ రంగంలో చెలామణిలో ఉన్న పత్రాలు మూడు విధాలు. ఒక పాఠ్యక్రమాన్ని పూర్తి చేసినందుకు శిక్షణ సంస్థ ఇచ్చేది మొదటిది. 2021లో గూగుల్ సంస్థ కోర్సెరా ద్వారా ప్రారంభించిన ప్రాజెక్టు నిర్వహణ కోర్సు పత్రం ఈ కోవకు చెందుతుంది. విషయ పరిజ్ఞానాన్ని మాత్రమే పరీక్షించి ఇచ్చేది రెండవది. పరిజ్ఞానంతో పాటు అభ్యర్థి గతంలో చేసిన పనిని కూడ లెక్కలోనికి తీసుకునేది మూడవది. డ్రైవింగు స్కూలు ఇచ్చే కాగితానికీ, రవాణా శాఖ ఇచ్చే లైసెన్సుకూ ఎంత భేదమున్నదో, మొదటి దానికీ మూడవ దానికీ ఇంచుమించు అంత భేదం ఉన్నది. ప్రకటనలలో ఈ మూడింటినీ "సర్టిఫికేషన్" అనే ఒకే మాటతో పిలుచుట వలన విద్యార్థులు తరచుగా పొరబడుతుంటారు.

పి.ఎం.పి.

అమెరికాలో 1969లో స్థాపించబడిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ 1984లో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్ అనే ధ్రువపత్రాన్ని ప్రారంభించినది. దాని సంక్షిప్త రూపమే పి.ఎం.పి. ఈ సంస్థకు హైదరాబాదులో పెర్ల్ సిటీ చాప్టర్ అనే శాఖ కలదు.

దీనికి అసలు కష్టం పరీక్షలో కంటె అర్హతలో ఉన్నది. బ్యాచిలర్ పట్టా లేదా దానికి సమానమైన చదువు ఉన్నవారు 36 నెలల పాటు ప్రాజెక్టులను నడిపించిన అనుభవం చూపవలెను. మాధ్యమిక విద్యతో ఆగినవారికి ఇది 60 నెలలు. దీనికి తోడు 35 గంటల ప్రాజెక్టు నిర్వహణ శిక్షణ అవసరం. ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు నడిపినను ఆ నెల ఒక్కసారే లెక్కకు వస్తుంది.

ఇక్కడ ప్రాజెక్టు అనే మాటకు ఉన్న నిర్వచనాన్ని గమనించవలసి ఉన్నది. ఆరంభము, అంతము ఉండి, ఒక కొత్త ఫలితాన్ని ఇచ్చే పని మాత్రమే ప్రాజెక్టు. నదిపై వంతెన కట్టుట ప్రాజెక్టు. కట్టిన వంతెనకు ఏటేటా రంగులు వేయించుట, టోలు వసూలు చేయుట నిత్యకృత్యాలు. ఒక బ్యాంకు సాఫ్ట్‌వేరుకు వచ్చే ఫిర్యాదులను రోజూ పరిష్కరిస్తూ ఆరేళ్ళు గడిపిన ఉద్యోగికి ఆ ఆరేళ్ళూ లెక్కలోనికి రాకపోవచ్చును. అదే ఉద్యోగి మధ్యలో ఎనిమిది నెలలు పాత వ్యవస్థ నుండి కొత్త వ్యవస్థకు సమాచారాన్ని తరలించే పనిని నడిపించి ఉంటే ఆ ఎనిమిది నెలలూ చెల్లుతాయి. హోదా పేరు ప్రాజెక్టు మేనేజరు అయి ఉండనవసరం లేదు. పనిని నడిపించి ఉండుట ముఖ్యం.

దరఖాస్తులలో కొన్నింటిని సంస్థ తనిఖీకి ఎంపిక చేస్తుంది. అప్పుడు చదువు పత్రాల నకళ్ళు, ఆయా ప్రాజెక్టులు తెలిసిన పై అధికారుల ధ్రువీకరణ సమర్పించవలెను. లేని అనుభవాన్ని వ్రాయించి దరఖాస్తు నింపిపెట్టే మధ్యవర్తుల వలన అభ్యర్థి ఇబ్బంది పడేది ఈ దశలోనే. పాత ఉద్యోగాలు వదిలిపెట్టే నాడే అక్కడి పై అధికారుల చిరునామా, ప్రాజెక్టు తేదీలు వ్రాసి ఉంచుకొనుట మంచిది.

దరఖాస్తు ఆమోదం పొందిన తరువాత ఒక సంవత్సరంలోగా మూడుసార్ల వరకు పరీక్ష వ్రాయవచ్చును. 2021 జనవరిలో ప్రవేశపెట్టిన విధానంలో 180 ప్రశ్నలు, 230 నిమిషాలు ఉండేవి. ప్రశ్నలలో దాదాపు సగం ముందుగా ప్రణాళిక వేసుకొని సాగే సంప్రదాయ పద్ధతికి, తక్కిన సగం ఎజైల్, మిశ్రమ పద్ధతులకు సంబంధించినవి. పరీక్ష రూపురేఖలను సంస్థ కొన్నేళ్ళకొకసారి మార్చుచున్నందున సీనియర్ల వద్ద నుండి తెచ్చుకున్న పాత పుస్తకాలతో సిద్ధమగుట ప్రమాదకరం. ఉత్తీర్ణులైనవారు ప్రతి మూడేళ్ళకు 60 గంటల వృత్తి అభ్యసనం చూపి, రుసుము చెల్లించి, పత్రాన్ని పునరుద్ధరించుకోవలెను. చాలామంది ఖర్చు లెక్కలో ఈ భాగం ఉండదు.

సి.ఏ.పి.ఎం.

అదే సంస్థ 2003 నుండి ఇస్తున్నది. అనుభవం అక్కరలేదు, మాధ్యమిక విద్య, 23 గంటల శిక్షణ చాలును. పైన చెప్పిన గూగుల్ కోర్సు ఈ 23 గంటల నిబంధనను తీరుస్తుంది. కళాశాల చివరి సంవత్సరంలో ఉన్నవారికి, కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి ఇది ఉద్దేశించబడినది. తరువాత పి.ఎం.పి.కి దరఖాస్తు చేసినపుడు దీనిని 35 గంటల శిక్షణకు బదులుగా చూపవచ్చును.

ప్రిన్స్2

ఇది బ్రిటిషు ప్రభుత్వ అవసరాల నుండి పుట్టినది. 1989లో ప్రభుత్వ కంప్యూటరు ప్రాజెక్టుల కొరకు ప్రిన్స్ అనే పద్ధతి వచ్చినది. దానిని అన్ని రంగాలకు అనువుగా మార్చి 1996లో ప్రిన్స్2గా విడుదల చేసిరి. 2021లో దీని యాజమాన్యం పీపుల్‌సర్ట్ సంస్థకు చేరినది. ఏడవ కూర్పు 2023లో వెలువడినది. ఇందులో ఫౌండేషన్, ప్రాక్టీషనర్ అని రెండు మెట్లు. ఫౌండేషన్ పరీక్షకు ముందస్తు అర్హత ఏదీ లేదు. ప్రాక్టీషనర్ పరీక్షలో అధికారిక గ్రంథాన్ని చూసి వ్రాయవచ్చును, అందుచేత అది సులభమని అనుకొనరాదు. పి.ఎం.పి. విస్తృతమైన విజ్ఞానాన్ని పరీక్షిస్తే, ప్రిన్స్2 ఒక నిర్దిష్ట పద్ధతిని నేర్పుతుంది: ప్రతి దశ చివర ప్రాజెక్టు ఇంకా కొనసాగించదగినదేనా అని నిర్ణయించుట దానికి ప్రాణం. బ్రిటన్‌లోగాని, ఆ దేశపు ప్రభుత్వ సంస్థలకు పనిచేసే కంపెనీలలోగాని ఉద్యోగం ఆశించేవారికి ఇది ఎక్కువ ఉపయోగకరం.

స్క్రమ్ పత్రాలు

స్క్రమ్ అధికారిక మార్గదర్శినిలో ప్రాజెక్టు మేనేజరు అనే పాత్రే లేదు. అయినను సాఫ్ట్‌వేర్ రంగంలో ఈ పత్రాలను కూడ ఈ జాబితాలోనే చేర్చుచున్నారు. స్క్రమ్ అలయన్స్ ఇచ్చే సి.ఎస్.ఎం.కు గుర్తింపు పొందిన శిక్షకుని వద్ద కోర్సు తప్పనిసరి. రెండేళ్ళకొకసారి పునరుద్ధరణ ఉన్నది. కెన్ ష్వాబర్ 2009లో స్థాపించిన స్క్రమ్ డాట్ ఆర్గ్ సంస్థ ఇచ్చే పి.ఎస్.ఎం. మొదటి స్థాయికి కోర్సు తప్పనిసరి కాదు, గడువు తీరుట లేదు. అయితే 60 నిమిషాలలో 80 ప్రశ్నలకు జవాబిచ్చి 85 శాతం మార్కులు తెచ్చుకోవలెను. స్వయంగా చదువుకోగలవారికి రెండవది చౌక. ఐరోపాలో 1965లో మొదలైన ఐ.పి.ఎం.ఎ. సంస్థ ఎ, బి, సి, డి అనే నాలుగు స్థాయిలలో పత్రాలు ఇస్తున్నది.

ఎంపిక

అనుభవం లేనివారు పి.ఎం.పి. శిక్షణకు పెద్ద మొత్తం చెల్లించి, అర్హత లేదని తరువాత తెలుసుకొనుట కనిపిస్తూనే ఉంటుంది. కావున రుసుము కట్టుటకు ముందు మొదట లెక్కించవలసినది నెలలు. తరువాత, చేరదలచిన రంగంలో, దేశంలో ఓ యాభై ఉద్యోగ ప్రకటనలు చదివి, ఏ పత్రం పేరు ఎన్నిసార్లు వచ్చినదో వ్రాసుకొనుట ఏ సలహాదారుని మాట కంటెను నమ్మదగినది. పత్రం రుసుమును, పునరుద్ధరణ ఖర్చును యజమాని భరించునేమో అడిగి తెలుసుకోవలెను.

శిక్షణ సంస్థ విషయంలో, పి.ఎం.పి. పరీక్షకు 35 గంటల శిక్షణను సంస్థ గుర్తించిన భాగస్వాముల వద్దనే పొందవలెనన్న నియమం లేదు. విశ్వవిద్యాలయాల, యజమానుల శిక్షణ కూడ చెల్లుతుంది. ఉత్తీర్ణతకు హామీ ఇచ్చేవారు ఏ షరతులపై ఆ హామీ ఇస్తున్నారో వ్రాతపూర్వకంగా తీసుకొనవలెను. ఈ పరీక్ష తెలుగులో లేదు. ఆంగ్లంలో పొడవైన సన్నివేశ ప్రశ్నలు చదివి త్వరగా నిర్ణయించే అలవాటు కొరకు, తెలుగు మాధ్యమంలో చదివినవారు నమూనా పరీక్షలకు అదనపు సమయం కేటాయించవలసి ఉంటుంది.